చలిదేశమున ఒక చీర

న్యూయార్కు నుండి హడ్సన్ నది యొడ్డున ఉత్తరముగా పోవు రైలుబండిలో రమారమి రెండుగంటలు ప్రయాణించినచో పోకీప్సీ యను పట్టణము వచ్చును. తమ్ముని యింటికి చుట్టపుచూపుగా పోయిన మేము, ఆ యూరి శ్మశానవాటికను చూడవలెనని పట్టుపట్టగా మావారు నవ్విరి. తమ్ముడు మాత్రము తన కోటొకటి మా చీరమీద తొడిగించి బయలుదేరదీసెను.

సోదరీమణులారా, అచ్చట డాక్టరు ఆనందీబాయి జోషీ భస్మము నిక్షిప్తమై యున్నది. ఆమె ఛాయాచిత్రపు ప్రతి యొకటి మా చేతిసంచిలో నుండెను. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాల విద్యార్థినులు మువ్వురిని 1885 అక్టోబరు 10వ తేదీన కలిపి తీసిన పటమది. చీరలో ఆనందీబాయి, కిమోనోలో జపానుదేశపు కేయి ఓకామీ, తలకట్టుతోను నగలతోను డమాస్కసు నుండి వచ్చిన సబాత్ ఇస్లాంబూలీ. క్రింద వారి పేరులు, ఊళ్లు, దేశములు.

ఆ కాలమున ఫొటో తీయించుకొనుట పండుగవంటిది. పెట్టెలోని మేలిబట్ట కట్టుకొనియే పోవుదురు. ఈ పటమున ముందుగా కంటికి తగులునది వారి చదువు కాదు, కట్టు. దేశదేశముల వేషములను ఒకచోట చేర్చి వింతగా చూపవలెనను కోరిక ఆ కెమేరా వెనుక లేకపోలేదని మాకు తోచును. అయినను ఆనందీబాయికి ఆ చీర వేషము కాదు, ఇచ్చిన మాట. 1883లో ఓడ యెక్కుటకు ముందు శ్రీరాంపూరు సభలో, హిందువుగా పోయి హిందువుగానే తిరిగివత్తునని చెప్పియుండెను. అప్పటికి పదునెనిమిదేండ్లైనను నిండని పిల్ల!

చెప్పుట వేరు, ఆ మంచుదేశమున నిలుపుకొనుట వేరు. మహారాష్ట్రుల తొమ్మిదిగజముల కచ్చకట్టు పిక్కలను పూర్తిగా కప్పదు. అందుచే ఆమె గుజరాతీ స్త్రీలవలె పాదములవరకు దిగునట్లు కట్టుట ఆరంభించెను. చీరను మాత్రము విడువలేదు. పట్టుదలగల ఆడుదానికి సర్దుబాటు తెలియదని మన యిండ్లలో అనువారికి ఈ సంగతి చెప్పవలెను.

1886లో పట్టము చేతికి వచ్చెను. మరుసటి యేడు ఫిబ్రవరి 26న, ఇరువదిరెండేండ్లు నిండకమునుపే, పూనాలో క్షయవ్యాధి ఆమెను తీసికొనిపోయెను. అమెరికాలో ఆమెను కన్నబిడ్డవలె చూచుకొనిన థియోడిషియా కార్పెంటరుకు భర్త గోపాలరావు భస్మమును పంపగా, వారి కుటుంబపు స్థలముననే దానిని పూడ్చిరి.

విద్యకై భారతదేశము వీడిన మొదటి బ్రాహ్మణస్త్రీ యని రాతిపై చెక్కియున్నది. చీర మాట లేదు. సంచిలోని పటమును తీసి ఆ రాతికానించి కొంతసేపు చూచితిమి. కోటు తొడిగికొన్నను చలిగాలి ఎముకలకు తగులుచుండెను. మావారు ఈసారి నవ్వలేదు. చెంగుతో రాతిమీది యెండుటాకులు తుడిచి, రైలువేళకు తిరిగివచ్చితిమి.