గట్టు మీది కంది

మాది బోధన్ దగ్గరి పల్లె. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు మా వైపు సేద్యమంటే చెరకే. నరికిన చెరకు నిలవుండదు. ఆలస్యమైతే తీపీ, తూకమూ రెండూ తగ్గుతాయి. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వేసినవారికి దూరపు మిల్లులే దిక్కయ్యాయి.

ఆర్మూరు వైపు పద్ధతి వేరు. వానకాలం పసుపులో మక్క వేస్తారు. మక్క ముందుగా చేతికొచ్చి, తొమ్మిది నెలల పసుపుకు ఖర్చులు అందిస్తుంది. పసుపు ధర కుంగిన ఏడు ఎంతోకొంత ఆదుకునేదీ అదే.

మా నాయనమ్మ చెరకు గట్ల మీద సైతం కందులు పెట్టేది. "ఒక్క పంటనే నమ్ముకుంటే ఒక్క వానకే బతుకు ఆగమైతది బిడ్డా" అనేది. బడి మెట్లెక్కని ఆమె మాటే నేటి వ్యవసాయశాస్త్రమూ చెబుతున్నది.

మిత్రులారా! సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ చేలో ఎన్ని పంటలున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే అయితే ఆ రాత్రే ఇంట్లో మాట కదపండి.