తేటనీళ్లలో ప్రశ్న

ఆలంపూర్‌లో మంచినీళ్ల గ్లాసు చేతికిస్తూ మా చెల్లెలి కూతురు అడిగింది: "మామా, ఎంబీబీఎస్‌లో ఉండంగనే పరిశోధన చేస్తే మంచిదంట. ఏది తీసుకోమంటవ్?"

నీళ్లు తేటగా ఉన్నాయి. నల్లగొండ పల్లెల్లో బోరునీళ్లూ ఇంత తేటగానే ఉండేవి. అవే తాగి పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల నడుములు వంగిపోయాయి. ఆ నీళ్లలోని ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకూ తెలియదు. పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉంది. ఆ పేరు వెనుక ఎన్ని మోకాళ్ల నొప్పులున్నాయో!

పరిశోధన అనగానే భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొచ్చారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. చూడ్డానికి చిన్న పని, ఉత్త కొలత. ఆ కొలతే ఆయన్ను కండరాల్లోని శక్తి రహస్యం దాకా నడిపించింది.

ఎంబీబీఎస్ పిల్లల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979లో మొదలుపెట్టిన పథకంలో పరిశోధనకు దొరికేది రెండు నెలలే. అంతలో జబ్బును మాయం చేయలేం. ఒక వీధి పిల్లల పళ్లు చూడొచ్చు, వాళ్లు తాగే నీళ్లు పరీక్షించొచ్చు, రెండూ నిజాయితీగా రాసిపెట్టొచ్చు. నా దృష్టిలో అది తక్కువ పని కాదు.

తల్లీ, పెద్ద పేరున్న ప్రయోగశాల కోసం తిరగకు. నిన్ను నిద్రపోనివ్వని ప్రశ్న పట్టుకో. నీ నోటుబుక్కు ఓపికగా దిద్దే గురువును వెతుక్కో. దరఖాస్తు ఆ తర్వాత రాద్దువుగాని.