గండికోటకు పోదాం రాండి

ఏమప్పా, ఆదివారం వస్తే చాలు, టీవీ ముందర కూలబడేదేనా? బెంగళూరు వాళ్లు రాత్రంతా కారు తోలుకొని వచ్చి, మన గండికోటలో గుడారాలేసుకొని, తెల్లారి సూర్యుణ్ణి చూసి మురిసిపోతారే! మన ప్రొద్దుటూరోళ్లను కదిలిస్తే "ఆడేముంది, రాళ్లే కదా" అంటారు. ఇదేం న్యాయం? జమ్మలమడుగు దాటితే 15 కిలోమీటర్లే!

ఒక్కరే పోవద్దు. అవ్వ, పిల్లలు, మేనత్త, అందరూ కదలాల. పులివెందుల చుట్టాలకు ఫోన్ కొట్టండి, ముద్దనూరు మీదుగా వచ్చి జమ్మలమడుగులో కలుస్తారు. బస్సులో పోయేటట్టయితే తిరుగు బస్సు టైము ముందే కనుక్కోండి.

మరి క్యారియర్లో ఏం పెడతారు? చిత్రాన్నం, చెనిక్కాయల ఊరిబిండి, పెరుగన్నం. ఎర్రకారం మరిస్తే మళ్లీ ఇంటికి రావాల్సిందే! కోటలో తిరిగి కాళ్లు పీకినాక, చెట్టు నీడలో కూర్చొని తింటే ఊరిబిండికి ఎక్కడలేని రుచి వస్తుంది. ఎందుకంటారా? నన్నడిగితే ఎట్లా, తిని చూడండి.

కోటలో ఏముందంటారా? మాధవరాయస్వామి గుడి గోపురం ముందర నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుడుతుంది. జామియా మసీదు పక్కనే పాత ధాన్యాగారం ఉంది. లోపలికి పోతే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. పిల్లలు అరిచి చూస్తారు, అరవనీయండి. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఆయన్ను కలవడానికి ఫ్రాన్సు నగల వ్యాపారి తావెర్నియే ఇక్కడికే వచ్చాడు. చూశారా, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల పేరు వినపడక ముందే ఈ చుట్టుపక్కలకు నగల బేరగాళ్లు వచ్చిపోయినారు!

సరే, చరిత్ర చాలు. కోట వెనకాలకి రాండి. పెన్న ఎర్రమల కొండను కోసుకుంటూ పోయిన చోటు అది. రెండు పక్కలా నిలువునా ఎర్రరాతి గోడలు, అడుగున నది. ఆ రాయిని దగ్గరకు పోయి చూడండి. నిలువు బీటలు, అడ్డ బీటలు, ఎవరో దూలాలు పేర్చినట్టు వరసలు. చెయ్యి పెడితే గరుగ్గా తగులుతుంది. పొద్దు వాలే కొద్దీ గులాబీ రంగు, ఇటికె రంగు, ఆఖరికి నల్లెరుపు. అవ్వ కూడా కొంగు బిగించి, మాట మానేసి చూస్తా ఉండిపోతుంది. మా అవ్వ మాట మానేయడమంటే మాటలా!

అంచు దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం రాళ్ల కొసకు పోవద్దు. నీళ్లు దండిగా తెచ్చుకోండి, ఖాళీ సీసాలు తిరిగి ఇంటికే మోసుకుపోండి. ఎండలు ముదరక ముందే, చలికాలంలో పోతే ఇంకా సుఖం.

ఇంతకీ ఎప్పుడు పోతారు? వచ్చే వారం, సంక్రాంతి అని సాగదీయొద్దు. ఈ ఆదివారమే, ఇంటిల్లిపాదీ కదలండి.