వర్కర్లు పెంచే ముందు

కర్నూలు యార్డుకు ఉల్లి పోటెత్తే రోజుల్లో రైతులకు ధరల మెసేజ్‌లు ఆలస్యమైతే, అందరికీ ముందు తట్టేది వర్కర్లు పెంచడమే. ఈ మెసేజ్‌లు పంపే పనిని వెనక నడిపించే సైడ్‌కిక్ 7 డిఫాల్ట్‌గా 5 వర్కర్ థ్రెడ్లతో నడుస్తుంది. రెయిల్స్_మ్యాక్స్_థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

కానీ డేటాబేస్‌తో పనున్న ప్రతి థ్రెడ్‌కూ ఒక కనెక్షన్ కావాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మామూలుగా ఇచ్చేది 100 కనెక్షన్లే. 25 థ్రెడ్ల ప్రాసెస్‌లు నాలుగు పెడితే వెబ్‌సైట్‌కు ఏం మిగులుతుంది? సుంకేసుల బ్యారేజీలో నీళ్లు అంతే ఉంటే, కేసీ కెనాల్‌కు ఎన్ని తూములు పెట్టినా కడప చివరి ఆయకట్టు తడవదు.

దయచేసి ముందు కనెక్షన్లు లెక్కేయండి. రైతు ట్రాక్టర్‌కు లోడెత్తకముందే ఆ ధర ఫోన్‌కు చేరాలి.