అడుగు ముద్ర

బైజాంటియ చక్రవర్తి హెరాక్లియసు 610లో ఫోకాసును చంపించి రాజ్యమునకు వచ్చెను. క్రొత్త లోహము పోతపోయుటకు మారుగా, పూర్వరాజుల కంచు నాణెములపైననే తన రూపమును కొట్టించెను. అట్టి నాణెమును మేము తోమము. దీపమునకు ఏటవాలుగా పట్టి మెల్లగా త్రిప్పుదుము. అప్పుడు క్రొత్తరాజు భుజముచెంత పాత కిరీటపుటంచో, 40 అను విలువను దెలుపు పాత ‘మ్యూ’ అక్షరపు కాలో పొడచూపును. తెగక సాగిన గీత పైముద్రది. దానిచే తెగినది అడుగుది. ఆ తెగినదానిని బట్టియే పాతరాజును గుర్తింతుము.

969 తరువాత నూఱేండ్లకు పైగా వెలువడిన అనామక నాణెములపై క్రీస్తు రూపమే కాని రాజు పేరుండదు. వానిలో ఏది ముందో, ఏది వెనుకో పండితులకు దెలిపినవి ముఖ్యముగా ఈ జంటముద్రలే. మరుగుపడినదే సాక్ష్యము పలుకుట మాకు ముచ్చట గొలుపును. కావున ఇంట పాత నాణెము దొరకినచో చింతపండుతో తోమకుడు!