బీజగణిత యంత్రము – నా అనుభవము

"లెక్కలన్నియు యంత్రమే చేయునెడల పిల్లలకు చదువేల?" అని మా మర్కూకు గ్రామపు పెద్దలు నన్ను తఱచుగా ప్రశ్నింతురు. బీజరేఖాగణితమున పరిశోధన చేయుచు, కంప్యూటరును నిత్యము వాడువాడనగుటచే, నాకు తోచిన సమాధానమును విద్యార్థి సోదర సోదరీమణులకు విన్నవించుచున్నాను.

సమీకరణములచే ఏర్పడు ఆకారములను పరిశీలించు శాస్త్రమే బీజరేఖాగణితము. మీరు నేర్చిన వృత్తసమీకరణమే దీనికి తొలిమెట్టు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున బోధించిన ఆచార్య సి. ముసిలి గారు ఈ శాస్త్రమున కృషిచేసి, 2001లో ప్రారంభకులకై ఒక గ్రంథమును కూడ ప్రకటించిరి.

ఒక ఉదాహరణమును చూడుడు. ఏదేని సంఖ్యను, దాని వర్గమును, దాని ఘనమును మూడు నిరూపకములుగా నుంచినచో, సంఖ్య మారినకొలది ఆ బిందువు ఒక వక్రరేఖను గీయును. మూలసంఖ్యను తొలగించి, నిరూపకముల నడుమ గల సంబంధమును కనుగొనవలెను. రెండవదాని వర్గము మొదటి, మూడవవాని లబ్ధమునకు సమానము. 2, 4, 8లను గైకొనుడు: నాలుగు నాలుగులు పదునాఱు, రెండెనిమిదులును పదునాఱే. ఇది చేతితో సాధ్యము. చలరాశులు పదియైనచో కాగితములు నిండునే గాని పని తెమలదు.

ఇట్టి తొలగింపునకు ఆస్ట్రియా దేశీయుడగు బ్రూనో బుక్‌బెర్గరు 1965లో ఒక నిశ్చిత క్రమమును చూపెను. మెకాలే2, సింగ్యులర్ అను సాధనములు ఆ మార్గముననే నడచును. అవి వెల లేకయే లభించును గనుక, పల్లెటూరి విద్యార్థికిని దూరదేశపు ఆచార్యునకును ఒకటే పనిముట్టు.

అయినను జాగరూకత వలయును. అంకెలు మితిమీఱి పెరుగకుండ, ఒక ప్రధానసంఖ్యచే భాగించి శేషములతోనే లెక్కించుట మాకు వాడుక. 32003 వంటి పెద్దసంఖ్యను ఎన్నుకొందుము. 3ను ఎన్నుకొన్నచో ఏమగును? రెండు రాశుల ఘనముల మొత్తము 1 అను సమీకరణము చక్కని వక్రరేఖ. 3చే శేషములు గైకొన్నచో విస్తరణమున నడిమి పదములన్నియు మాయమై, ఆ వక్రరేఖ మూడుమార్లు పేర్చిన సరళరేఖయగును! యంత్రము అబద్ధమాడలేదు; అడిగినదానికే బదులిచ్చినది. ఏమి అడుగవలెనో ఎఱుగవలసినవాడు మనుష్యుడే.

నేను రెండు వారములు చేతితో పెనగులాడిన లెక్కను యంత్రము నిమిషములో ముగించినది. ఉదాహరణము వెంబడి ఉదాహరణమునందు ఒకే ఫలితము వచ్చినది. అప్పుడు నాకు సంతోషముకంటె సంశయమే హెచ్చాయెను: ఇట్లేల వచ్చుచున్నది? నూఱు ఉదాహరణములు సరిపోయినను, నూటయొకటవది తప్పవచ్చును. ఆ కారణమును వెదకుటకు మూడు నెలలు పట్టినవి. నిమిషములో వచ్చినది సమాచారము. మూడు నెలలకు వచ్చినది జ్ఞానము.

2020లో మర్కూకు పంపుగృహమునుండి కొండపోచమ్మ జలాశయమునకు నీరెత్తుట ఆరంభమైనది. నీరు పైకెక్కినంతమాత్రమున పంట పండదు గదా! కాలువ త్రవ్వవలెను, దున్నవలెను, విత్తవలెను.

కావున తల్లిదండ్రులారా, యంత్రమును జూచి వెఱవకుడు. బాలబాలికలారా, చిన్న ఉదాహరణమునైన చేతితో సాధించిన పిదపనే యంత్రమును అడుగుడు. అది ఇచ్చినదానిని మరల చేతితో పరీక్షింపుడు.