పాస్‌పోర్ట్ అక్కర్లేని లంకలు

మా వాట్సాప్ గ్రూపు పేరు మొదట ‘థాయ్ 2020’. ఆ ఏడు ఎందుకు వెళ్ళలేదో చెప్పక్కర్లేదు. తర్వాత అది ‘థాయ్ 2022’ అయింది, ఆపైన ‘థాయ్ 2023’ అయింది, చివరికి సంవత్సరం తీసేసి ‘థాయ్ పక్కా’ అని పెట్టుకున్నాం. గ్రూపులో నలుగురం. తాడేపల్లిగూడెంలో ఇంటర్ చదివినప్పుడు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. ఒకడు బావ, ఎవరికీ బావ కాడు గానీ అందరూ అలాగే పిలుస్తారు. ఒకడు డాక్టరు, పీహెచ్‌డీ సగంలో వదిలేశాడు కాబట్టి ఆ పేరు. ఒకడు లంక. కొల్లేటి మధ్యలోంచి వచ్చాడు కాబట్టి మొదటిరోజు హాస్టల్లో పడిన పేరు అది. అసలు పేరు వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడు తప్ప వినపడేది కాదు. నాలుగోవాణ్ణి నేను.

డాక్టరు దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది. ఫుకెట్‌లో దిగడం, అక్కణ్ణుంచి ఫై ఫై దీవులు, మాయా బే, క్రాబీ. ఏ పడవ ఎన్నింటికి, ఏ దీవిలో ఎంతసేపు, ఎక్కడ ఏం తినాలి, అన్నీ రంగులు వేసి పెట్టాడు. మాయా బే అంటే ‘ది బీచ్’ సినిమా తీసిన చోటు. జనం తొక్కిడికి పగడాలు పాడైపోయాయని 2018లో మూసేశారు, 2022లో మళ్ళీ తెరిచారు. “చూశారా, వాళ్ళు మూసి మరీ కాపాడుకున్నారు, మనకి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో” అని నేను గ్రూపులో రాసిన మెసేజ్ ఇప్పటికీ ఉంది. లంక దానికి బొటనవేలు పెట్టాడు.

2024 అక్టోబరులో టిక్కెట్లు తీసే సమయానికి లంక ఇంకా పాస్‌పోర్ట్ చేయించుకోలేదని తేలింది. రెండేళ్ళుగా అడుగుతున్నాం. అప్లై చేశానంటాడు, పోలీస్ వెరిఫికేషన్ అంటాడు, ఆధార్‌లో పేరు తప్పు అంటాడు. బావకి కోపం వచ్చింది. “నీకు రావాలని లేకపోతే చెప్పు, మమ్మల్ని ఆపకు” అన్నాడు. నేనూ ఒక జోకేశాను. ఏ జోకో ఇక్కడ రాయలేను, వాడి ఊరి మీద వేసింది. రెండు రోజులు గ్రూపు నిశ్శబ్దం. మూడోరోజు లంక రాశాడు: “మీరు ముగ్గురూ వెళ్ళండి. సంక్రాంతికి మాత్రం మా ఊరు రండి. పడవ ఉంది, లంకలు ఉన్నాయి, పాస్‌పోర్ట్ అక్కర్లేదు.”

థాయ్‌లాండ్ మేం ముగ్గురం కూడా వెళ్ళలేదు. అది వేరే కథ, డాక్టరు పెళ్ళి కథ. సంక్రాంతికి మాత్రం వెళ్ళాం.

భోగి మర్నాడు కాదు, కనుమ వెళ్ళిన మర్నాడు గూడెంలో పాసింజరెక్కి పవర్‌పేటలో దిగాం. లంక బైకుతో, వాళ్ళ చిన్నాన్న కొడుకు ఇంకో బైకుతో వచ్చారు. ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కగానే గాలి వాసన మారిపోతుంది. తవుడు, నీచు, తడిసిన గడ్డి కలిసిన వాసన. రోడ్డుకి రెండుపక్కలా నీళ్ళే గానీ అది సరస్సులా ఉండదు. గట్లు, గట్ల మధ్య చదరాలు, చదరాల మీద ఏరేటర్లు, వాటి పక్కన గుర్రపుడెక్క ఆక్రమించిన మురుగు కాలవ. ఆసియాలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటని బడిలో చదువుకుని వచ్చినవాడికి, సరస్సు ఎక్కడ మొదలవుతుందో కాసేపు అర్థం కాదు. “కొల్లేరు ఏదిరా?” అని డాక్టరు అడిగాడు. “అరగంట నుంచీ దాని మధ్యలోనే పోతున్నావు” అన్నాడు లంక.

కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య మిగిలిపోయిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కలేనన్ని కాలవలు, డ్రెయిన్లు వచ్చి అందులో పడతాయి. పోవడానికి మాత్రం ఒక్కటే దారి, ఉప్పుటేరు. మెలికలు తిరిగి అరవై కిలోమీటర్ల దూరాన సముద్రంలో కలుస్తుంది. ఇన్ని నోళ్ళతో తాగి ఒక్క సన్నటి గొంతుతో కక్కాల్సిన కడుపన్నమాట. ఆ కడుపులోనూ అంచునా కలిపి 122 ఊళ్ళని లెక్క. వాటి పేర్లు వింటే చాలు నేల ఎలాంటిదో తెలిసిపోతుంది: ఆగడాలలంక, గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, పెనుమాకలంక, వడ్లకూటితిప్ప, మొండికోడు, పైడిచింతపాడు. లంక వాళ్ళ ఊరు వీటిలో లేదు. దాని పేరు రాయను. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

బైకులు గట్టు మీద ఆపి దోనె ఎక్కాం. పూర్వం తాటిబొండు తొలిచి చేసేవారట, ఇప్పుడది ఫైబర్ దోనె. వాళ్ళ నాన్నగారు గెడ వేస్తున్నారు. అరవై దాటిన మనిషి, సన్నగా, పైన తువ్వాలు. నన్ను చూసి “నువ్వేనా బాబూ కొల్లేరు గురించి రాసింది?” అన్నారు.

నాకు గుండె జారింది.

2022లో ఆటపాక వెళ్ళొచ్చి ఫేస్‌బుక్‌లో ఒక పెద్ద పోస్టు రాశాను. గూడబాతులు, వాటికోసం అటవీశాఖవాళ్ళు నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లు, వాటి మీద గూళ్ళు, మూతి సంచీలోంచి పిల్లలకి చేపలు పెట్టే తల్లులు. బాగానే రాశాననుకున్నాను, షేర్లు బాగా అయ్యాయి. అయితే చివర్లో చేపల చెరువుల మీద విరుచుకుపడ్డాను. దురాశ, కబ్జా, దోపిడీ, అన్ని మాటలూ వాడేశాను. 1999లో అభయారణ్యం అని ప్రకటించినా, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినా, 2006లో చెరువుల గట్లు పగలగొట్టినా ఈ మనుషులు మారలేదని ముగించాను. ‘ఈ మనుషులు’ అన్నది నా మాటే. లంక దానికీ బొటనవేలే పెట్టాడు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, వాడా రాత్రి ఇంటికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాడు.

“అవునండి బాబాయ్” అన్నాను.

“బాతుల గురించి బాగా రాశావు” అన్నారు. ఆపైన చాలాసేపు గెడ చప్పుడు తప్ప ఏమీ లేదు.

నీటికోళ్ళు పరుగెత్తుతున్నట్టు లేచి కొంచెం దూరంలో మళ్ళీ వాలుతున్నాయి. కిక్కిసలో ఏదో కదిలింది. నత్తగుల్ల కొంగలు గట్టు మీద వరసగా, పింఛను కోసం కూర్చున్న ముసలాళ్ళలా ఉన్నాయి. దోనె తిన్నగా పోదు, గట్టు అడ్డొస్తే చుట్టు తిరగాలి. ఒకచోట దిగి, దోనెని గట్టు మీదుగా లాగి అవతల దింపాం. ఇదీ మా ఐలాండ్ హాపింగ్. డాక్టరు ప్యాంటు మోకాళ్ళదాకా బురద, బావ చెప్పు ఒకటి కొల్లేటికి సమర్పణ.

మొదటి లంకలో వాళ్ళ మేనత్త ఇల్లు. అరిసెలు, జంతికలు పెట్టి, “ఉండండి, చేపలు వండుతాను” అంది. సాయంత్రం వస్తామని బతిమాలుకుని బయటపడ్డాం. రెండోచోట పడవలు రెండు జతకట్టి పైన చెక్కలు పరిచిన పంటు ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మేక, ఒక గ్యాస్ సిలిండరు, మేము. గోడల మీద ఒకే ఎత్తులో గోధుమరంగు గీత కనిపిస్తోంది. నా నడుం దాకా ఉంది. రామాలయానికీ అదే గీత, బడికీ అదే గీత. “ఏంటది?” అన్నాను. “సెప్టెంబరు” అన్నాడు లంక.

సెప్టెంబరు మాకూ గుర్తుంది. బుడమేరుకి గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజంతా టీవీ ముందే ఉన్నాం. నేను డబ్బులు కూడా పంపాను, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాను. కొన్నాళ్ళకి అక్కడ నీళ్ళు తగ్గాయన్నారు, టీవీలు ఇంకో వార్తకి పోయాయి. ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయని మాలో ఎవ్వరం అడగలేదు. బుడమేరు వచ్చి పడేది కొల్లేట్లోనే. కొల్లేరు మధ్యలో ఇల్లున్నవాడు మా గ్రూపులోనే ఉన్నాడు.

అక్కడినుంచి కొల్లేటికోట వెళ్ళాం. పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణంలో జాతరప్పుడు నేల కనపడదట, ఆ రోజు మాత్రం మేమూ, పూజారిగారూ, కొబ్బరికాయల కొట్టూ. ఇక్కడే కోట ఉండేదని, కోటని పట్టడానికి శత్రువుల సేనాని సరస్సు నీళ్ళు తోడేయాలని ఉప్పుటేరు తవ్వించాడని, పని సాగడానికి సొంత కూతుర్నే బలి ఇచ్చాడని ఒక కథ చెబుతారు. కథ నిజమో కాదో గానీ, నీళ్ళు పోవాలంటే ఎవరింట్లోనో ఒకరిని ఇవ్వాల్సి వచ్చిందన్నది అందరికీ గుర్తుంది. గుడిమెట్ల మీద కూర్చున్నప్పుడు బాబాయ్ తనంతట తనే మొదలుపెట్టారు.

డెబ్బైల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టి, చెరువులు తవ్వించి, చేపలు పెంచుకోండని ఇచ్చింది. వాళ్ళ నాన్న అందులో సభ్యుడు. అంతకుముందు కొల్లేట్లో వరి వేసేవారు, రెండేళ్ళకోసారి వరద తీసుకుపోయేది. తర్వాత బయటినుంచి డబ్బున్నవాళ్ళు వచ్చారు. సొసైటీ వాటాలు లీజుకి తీసుకుని, ఒక చెరువుకి పది చెరువులు తవ్వారు. సభ్యులకి ఏడాదికింత అని చేతిలో పెట్టేవారు. “మేం తీసుకున్నాం బాబూ, తీసుకోలేదనను. ఇల్లు కట్టింది ఆ డబ్బుతోనే.” 2006లో ప్రొక్లెయిన్లు వచ్చాయి. పెద్దవాళ్ళ చెరువులూ పోయాయి, సొసైటీ చెరువూ పోయింది. “వాళ్ళు ఇంకోచోట తవ్వుకున్నారు. మాకు ఇంకోచోటు లేదు.” అయిదో కాంటూరు లోపల పాతపద్ధతిలో వలేసుకోవచ్చు, చెరువు తవ్వకూడదు. అందుకని కాంటూరు అవతల ఒకరి జిరాయితీ భూమిలో చెరువు కౌలుకి తీసుకున్నారు. కౌలు, పిల్ల, తవుడు, అంతా అప్పే. శీలావతి, బొచ్చె కేజీ దాటి పట్టుబడికి వచ్చే సమయంలో సెప్టెంబరు వచ్చింది. నీళ్ళు గట్టు మీంచి పోయాయి.

“చేపలు చచ్చిపోయాయా?” అని బావ అడిగాడు.

“చచ్చిపోవడమెందుకు, హాయిగా కొల్లేట్లోకి పోయాయి. కింద ఊళ్ళవాళ్ళు పదిరోజులు మా చేపలే తిన్నారు. మా మేనల్లుడు కూడా పట్టుకుని మాకే రెండు తెచ్చిచ్చాడు” అని ఆయన నవ్వారు. మేం నవ్వాలో వద్దో తెలియలేదు. లంక నవ్వలేదు. వాడికి వచ్చే జీతంలో సగం ఆ అప్పుకే పోతోంది. పాస్‌పోర్ట్ వాడి దగ్గర 2021 నుంచీ ఉంది. ఆ సంగతి వాళ్ళమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అనేసింది.

తిరుగుదారిలో నేను వాదించాననే చెప్పాలి. బాబాయ్‌తో కాదు, లంకతో. పంటు మీద, మెల్లగా. చెరువులు లేకపోతే నీళ్ళు ఇంత ఎత్తుకి వచ్చేవి కావు కదా, గట్లే నీటికి అడ్డం కదా అన్నాను. వాడు కాదనలేదు. “అడ్డమే. ఉప్పుటేరు పూడిపోయింది, అదీ అడ్డమే. పైన ఊళ్ళ మురుగంతా మా మీదికే వదులుతారు, అదీ నిజమే. నువ్వు రాసింది అబద్ధం అని నేనెప్పుడన్నా అన్నానా?” అన్నాడు. కాసేపాగి, “మాయా బే మూసినప్పుడు అక్కడ ఎవరూ కాపురం ఉండట్లేదురా” అన్నాడు. ఆ మెసేజ్ వాడికి గుర్తుంది.

అక్కినేని కుటుంబరావుగారి ‘కొల్లేటి జాడలు’ నవల నా దగ్గర ఉంది, ఆ పోస్టు రాసే ముందే చదివాను. చెరువులు రాకముందు కొల్లేరు ఎలా ఉండేదో చదివి కళ్ళు చెమర్చిన మాట కూడా నిజం. పోయిన కొల్లేరు మీద నాకున్న ప్రేమ పుస్తకంలోంచి వచ్చింది. ఉన్న కొల్లేట్లో వాడితో రెండేళ్ళు ఒక గదిలో పడుకున్నాను, ఒక్కసారి వాళ్ళింటికి వెళ్ళలేదు. పండగలకి వాడే మా ఇళ్ళకి వచ్చేవాడు.

రాత్రి కొరమీను పులుసు. మట్టగిడసలు వేపుడు. అన్నీ వలలో పడినవే, చెరువువి కావు. రెంటికీ తేడా పిన్ని చెబితే తెలిసింది, నాలుకకి ముందే తెలిసింది గానీ పేరు పెట్టలేకపోయాను. డాబా మీద పడుకున్నాం. చీకట్లో పక్షుల గోల ఆగదు. బావ ఉన్నట్టుండి లేచి, “ఒరేయ్, అప్పుడు ఆ మాట అన్నాను, సారీరా” అన్నాడు. “పడుకో బావా, దోమలు లేస్తాయి” అన్నాడు లంక. నేను నా జోకు గురించి ఏమీ అనలేకపోయాను. ఇది చదువుతాడని తెలుసు కాబట్టి ఇక్కడ అంటున్నాను.

ఆ పోస్టు తీసేద్దామని ఫోన్ తెరిచాను. తీయలేదు. అందులో గూడబాతులు ఉన్నాయి, అవి నిజం. ‘ఈ మనుషులు’ అన్నచోట ఏం రాయాలో తేలలేదు. ఊరి పేరు రాస్తే బాబాయ్‌ని ఎవరైనా వెతుక్కుంటూ వెళ్తారు, కాంటూరు లోపలా బయటా అని అడుగుతారు. అందుకే ఇక్కడ కూడా రాయలేదు.

పొద్దున్నే ఏలూరు. పిన్ని కట్టిచ్చిన ఎండుచేపల సంచీ వాసనకి రైల్లో ఎదుటి సీటాయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. దెందులూరు దాటేసరికి ఫోన్ మోగింది. గ్రూపు పేరు మారింది: ‘కొల్లేరు పక్కా’. కింద లంక మెసేజ్: “మార్చిలో జాతరకి రండి. అప్పటికి నీళ్ళు తీస్తాయి. పెద్దలంక నుంచి అత్తా వాళ్ళ లంకకి నడిచే వెళ్ళొచ్చు. బావా, నీ చెప్పు అప్పుడు వెతుకుదాం.”